చెవిపోటు వచ్చినంత మాత్రాన చెవి జబ్బేనా?

చెవి నొప్పికి మన పెద్దలు తగిన పేరే పెట్టారు. పొడిచినట్లు వచ్చే నొప్పి కనుక దానిని చెవిపోటు అన్నారు. తలనొప్పిని రెండు రోజులు ఓర్చుకోగలిగినవారు సైతం చెవిపోటుకు తాళలేరు. పోటు మొదలైన వెంటనే మనకు తోచే ఉపాయాలు కూడా తరతరాలుగా వస్తున్నవే. వెల్లుల్లి రెబ్బ వేసి కాచిన నూనెను చెవిలో పోయడం, ఉప్పు మూటతో కాపడం పెట్టడం, అగ్గిపుల్లతోనో తలపిన్నుతోనో గులిమి తీయడం, మందుల దుకాణంలో అడిగి చుక్కల మందు తెచ్చుకోవడం మనందరికీ తెలిసినవే. నొప్పి చెవిలో ఉన్నది కనుక జబ్బు కూడా చెవిలోనే ఉండాలన్న నమ్మకం వీటన్నింటికీ మూలం.

ఆ నమ్మకం అనేక సందర్భాలలో నిజమే. పసిపిల్లలకు జలుబు చేసిన తరువాత వచ్చే చెవిపోటుకు కారణం సాధారణంగా మధ్యచెవిలోనే ఉంటుంది. అయితే పెద్దవారిలో వారాలు, నెలల తరబడి తగ్గని చెవి నొప్పి సంగతి వేరు. వైద్యుడు దీపం వేసి చూసి, చెవి శుభ్రంగా ఉన్నదని చెప్పిన తరువాత కూడా నొప్పి కొనసాగుతూ ఉంటే, దాని మూలం చెవి వెలుపల ఉండవచ్చునని అనుమానించాలి. అటువంటి కారణాలలో తరచుగా కనిపించేది చెవికి సరిగ్గా ముందున్న దవడ కీలు. ఈ సంగతి తెలియక ఎందరో మందు మీద మందు మారుస్తూ కాలాన్ని, ధనాన్ని వ్యయం చేసుకుంటున్నారు. కొందరు అవసరం లేకుండానే పళ్లు సైతం తీయించుకుంటున్నారు.

మగ్గాల ఊరిలో ఒక అపోహ

దొడ్డబళ్ళాపురం పేరు చెప్పగానే మరమగ్గాల చప్పుడు చెవిలో మెదులుతుంది. బెంగళూరు గ్రామాంతర జిల్లాలోని ఈ పట్టణంలో పట్టు చీరలను, కృత్రిమ పట్టు చీరలను నేసే మరమగ్గాలు వేల సంఖ్యలో ఉన్నాయి. ఇంటిలో తెలుగు, వీధిలో కన్నడం మాట్లాడే నేతకుటుంబాలు ఇక్కడ చాలా ఉన్నాయి. అనేక ఇళ్లలో మగ్గం ఒక గదిలో, కాపురం పక్క గదిలో ఉంటాయి. అటువంటి చోట ఎవరికైనా చెవి నొప్పి వస్తే నేరం మగ్గం మీదనే పడుతుంది. "పగలంతా ఆ మోత వింటే చెవి నొప్పి పుట్టదా?" అంటారు.

ఇక్కడ రెండు విషయాలను విడదీసి చూడాలి. మరమగ్గాల శాలలో శబ్దం తరచు 90 డెసిబెల్స్ దాటుతుంది. మన దేశపు కర్మాగారాల నిబంధనలు 8 గంటల పనికి విధించిన పరిమితి కూడా 90 డెసిబెల్సే. ఆ మోతను ఏళ్ల తరబడి విన్నవారికి వినికిడి తగ్గుతుంది, చెవిలో హోరు పుడుతుంది. కాని ఆ నష్టం నొప్పి లేకుండానే జరిగిపోతుంది. శబ్దమే నొప్పి కలిగించాలంటే అది సాధారణంగా 120 డెసిబెల్స్ స్థాయికి చేరాలి. మగ్గం మోత వినికిడిని మెల్లగా హరించే దొంగ వంటిది. అది పోటు పొడిచి మనలను హెచ్చరించదు. కనుక నొప్పి లేదు కదా అని చెవి రక్షణ బిళ్లలను మానడం ఎంత పొరపాటో, నొప్పి ఉన్నది కనుక మగ్గమే కారణమని తీర్మానించడం కూడా అంతే పొరపాటు.

గోడ ఒక్కటే అడ్డు

చెవి, దవడ ఎంత దగ్గర పొరుగువారో తెలుసుకోవడానికి ఏ పరికరమూ అవసరం లేదు. రెండు చిటికెన వేళ్లను చెవి రంధ్రాలలో మెల్లగా ఉంచి, నోరు తెరిచి మూయండి. వేళ్ల కింద ఏదో కదులుతున్నట్లు తెలుస్తుంది. అది కింది దవడ ఎముక పైకొన. పుర్రె ఎముకలోని ఒక గుంటలో ఇమిడి, అటూ ఇటూ తిరుగుతూ, ముందుకు జారుతూ ఉండే ఆ కూడలినే దవడ కీలు అంటాము. వైద్యులు దీనిని టెంపొరోమాండిబ్యులర్ జాయింట్ అని, క్లుప్తంగా టి.ఎం.జె. అని వ్యవహరిస్తారు. ఈ కీలుకు, చెవి కాలువకు నడుమ పలుచని ఎముక గోడ మాత్రమే అడ్డుగా ఉన్నది.

మోకాలు, మోచేయి వంటి కీళ్లు తలుపు బందువలె ప్రధానంగా ఒక దిశలో కదులుతాయి. దవడ కీలు మాత్రం తిరుగుతుంది, జారుతుంది కూడా. ఎముకకు ఎముక రాసుకోకుండా నడుమ ఒక మెత్తని బిళ్ల ఉంటుంది. మాట్లాడినప్పుడు, నమిలినప్పుడు, ఆవులించినప్పుడు, గుటక వేసినప్పుడు ఈ కీలు పని చేయవలసిందే. కుడి ఎడమ కీళ్లు రెండూ ఒకే ఎముకకు చెందినవి కనుక ఒకటి బాధపడితే రెండవదానిపైన కూడా భారం పడుతుంది.

పొరుగు కావడం ఒక్కటే కారణం కాదు. ముఖం నుంచి స్పర్శను, నొప్పిని మెదడుకు చేరవేసే త్రిధార నాడి అనే పెద్ద నాడి ఒకటి ఉన్నది. దాని మూడవ శాఖ నుంచి వెలువడే ఒక చిన్న కొమ్మ దవడ కీలుకు, చెవి కాలువ ముందు భాగానికి, కణతకు సమాచార మార్గంగా పనిచేస్తుంది. ఒకే తీగ మీద రెండు ఇళ్ల గంటలు మోగితే ఏ ఇంటివారు పిలిచారో తెలియనట్లు, కీలులో పుట్టిన నొప్పిని మెదడు చెవి నొప్పిగా పొరబడుతుంది. గుండెపోటు వచ్చినవారికి ఎడమ చేయి లాగడం మనకు తెలిసినదే. ఇది కూడా అటువంటిదే. వైద్యులు దీనిని ప్రసరిత నొప్పి అంటారు.

ఈ బాంధవ్యం పిండదశలోనే మొదలవుతుంది. మధ్యచెవిలోని మూడు చిన్న ఎముకలను కూటకం, దాగలి, అంకవన్నె అని పాఠశాలలో చదువుకున్నాము. వీటిలో మొదటి రెండూ, కింది దవడా పిండంలో ఒకే వంపు నుంచి రూపొందుతాయని జర్మను శాస్త్రజ్ఞుడు కార్ల్ రైషర్ట్ 1837లో వివరించాడు. చెవి, దవడ పుట్టుకతోనే దాయాదులన్నమాట.

వైద్యలోకం దీనిని గుర్తించిన తీరు

1934లో అమెరికాకు చెందిన జేమ్స్ కాస్టెన్ అనే చెవి, ముక్కు, గొంతు వైద్యుడు 11 మంది రోగులను పరిశీలించి ఒక వ్యాసం ప్రకటించాడు. చెవి నొప్పి, చెవి దిబ్బడ, హోరు, తల తిరుగుడు వంటి బాధలకు దవడ కీలు లోపం కారణం కావచ్చునని అందులో వాదించాడు. చాలాకాలం ఈ వ్యాధిని ఆయన పేరుతోనే పిలిచారు. వెనుక పళ్లు ఊడిపోతే దవడ వెనక్కు జరిగి నాడిని నొక్కుతుందన్న ఆయన వివరణను తరువాతి శరీర నిర్మాణ శాస్త్రజ్ఞులు అంగీకరించలేదు. బాధకు, కీలుకు ఉన్న సంబంధం మాత్రం నిలిచింది. ఈ చరిత్రను చెప్పడానికి కారణం ఉన్నది. పళ్ల పొందిక మార్చితేనే దవడ నొప్పి పోతుందని నేటికీ కొందరు ఖరీదైన చికిత్సలు సూచిస్తుంటారు. ఆ ఆలోచనకు పునాది బలహీనమని పాఠకులు గుర్తుంచుకోవాలి.

దవడ కీలు బాధలు అరుదైనవి కావు. వందమందిలో 5 నుంచి 12 మందికి ఇవి ఉంటాయని అమెరికా జాతీయ దంత పరిశోధన సంస్థ అంచనా. 20 నుంచి 40 ఏళ్ల వయసువారిలో, పురుషులకంటే స్త్రీలలో ఇవి అధికం.

కారణాలు ఏమిటి?

తెలుగులో కోపాన్ని చెప్పడానికి పళ్లు పటపట కొరికాడంటాము. కోపం, దిగులు, పని ఒత్తిడి ఉన్నవారు తమకు తెలియకుండానే దవడను బిగించి ఉంచుతారు. బరువు ఎత్తేటప్పుడు, సూదిలో దారం ఎక్కించేటప్పుడు, తెగిన పోగు ముడివేసేటప్పుడు పళ్లు కరచి పట్టడం చాలామందికి అలవాటు. కొందరు నిద్రలో పళ్లు నూరుతారు. పిల్లలు పళ్లు నూరితే కడుపులో పురుగులున్నాయని మన ఊళ్లలో అంటారు గాని, అందుకు గట్టి ఆధారం లేదు. పిల్లలలో ఈ అలవాటు చాలావరకు వయసుతో పాటు పోతుంది.

ఇవి గాక, దవడకు దెబ్బ తగలడం, చాలాసేపు నోరు తెరిచి దంతచికిత్స చేయించుకోవడం, గట్టి ఆవులింత, ఎప్పుడూ ఒకే వైపు నమలడం, చూయింగ్ గమ్, వక్క వంటి వాటిని గంటల తరబడి నమలడం, కీళ్లవాతం వంటివి కూడా కారణాలు కావచ్చు. అనేక సందర్భాలలో ఒక్క కారణమని వేలెత్తి చూపలేము. చాలామందికి బాధ కీలులో కంటే దానిని కదిపే కండరాలలోనే ఎక్కువగా ఉంటుంది.

నాకు తెలిసిన ఒక ఉపాధ్యాయిని అనుభవం ఇక్కడ చెప్పదగినది. రోజుకు ఆరు పీరియడ్లు పాఠం చెప్పే ఆమెకు కుడి చెవిలో నొప్పి మొదలైంది. నాలుగు నెలలలో రెండు రకాల చుక్కల మందు, మూడు పర్యాయాలు యాంటీబయాటిక్ మాత్రలు వాడారు. ఒకచోట పై దవడ పన్ను కూడా తీశారు. నొప్పి పోలేదు. చివరకు ఒక దంతవైద్యురాలు ఆమె చెవుల ముందు రెండు వేళ్లు ఉంచి నోరు తెరవమన్నారు. కుడి వైపు టక్కుమన్నది, నొక్కిన చోటనే నొప్పి తెలిసింది. మెత్తని ఆహారం, వేడి కాపడం, కొద్దిపాటి వ్యాయామంతో ఆరు వారాలలో ఆమె బాధ చాలావరకు ఉపశమించింది. తీసిన పన్ను మాత్రం తిరిగి రాలేదు.

ఎలా గుర్తించాలి?

నిర్ణయం వైద్యునిదే. అయినా ఏది దేనికి సూచనో తెలిసి ఉంటే వైద్యునికి సరిగా చెప్పగలుగుతాము.

చెవిలోనే జబ్బు ఉన్నప్పుడు చీము లేదా నీరు కారడం, జ్వరం, వినికిడి తగ్గడం, చెవి దొప్పను లాగితే నొప్పి పెరగడం కనిపిస్తాయి. జలుబు చేసిన తరువాత గాని, చెరువులోనో బావిలోనో ఈత కొట్టిన తరువాత గాని నొప్పి మొదలవుతుంది.

దవడ కీలు వల్ల అయితే నమిలినప్పుడు, ఆవులించినప్పుడు, ఎక్కువసేపు మాట్లాడినప్పుడు నొప్పి పెరుగుతుంది. ఉదయం లేవగానే దవడ పట్టేసినట్లుంటుంది. చెవి ముందు నొక్కితే నొప్పి పుడుతుంది. కణతలు లాగుతాయి. నోరు తెరిచేటప్పుడు టక్కుమనే శబ్దం గాని, దవడ ఒక పక్కకు ఒరగడం గాని ఉంటుంది. చెవి దిబ్బడ వేసినట్లు, హోరుమన్నట్లు కూడా ఉండవచ్చు. అయితే నొప్పి లేకుండా శబ్దం మాత్రమే వస్తుంటే భయపడవలసిన పని లేదు, చికిత్స కూడా అవసరం లేదు.

పుచ్చిన దవడ పన్ను, సగం మొలిచి ఇరుక్కున్న జ్ఞానదంతం, గవదబిళ్లలు, గొంతులో టాన్సిల్స్ వాపు కూడా చెవికి నొప్పిని పంపగలవు. అందుచేతనే చెవి బాగున్నదని తేలినప్పుడు నోటిని, పళ్లను, గొంతును తప్పక పరీక్ష చేయించుకోవాలి.

ఉపేక్షించరాని లక్షణాలు

ఈ వ్యాసంలో అన్నింటికంటే ముఖ్యమైన భాగం ఇదే. చెవి నొప్పికి దవడ కీలే కారణమని ఎవరికి వారు నిశ్చయించుకోవడం కూడా ప్రమాదమే.

మన ప్రాంతంలో వక్క, గుట్కా, పొగాకు నమిలేవారు ఎక్కువ. పొగాకు కలపకపోయినా వక్క కూడా క్యాన్సర్ కారకమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో ప్రకటించింది. కర్ణాటక ప్రభుత్వం 2013లో గుట్కాను నిషేధించింది. అయినా పాన్ మసాలాను, పొగాకును వేరువేరు పొట్లాలుగా కొని కలుపుకొనే అలవాటు పోలేదు. వక్క నమిలేవారికి బుగ్గల లోపలి పొర గట్టిపడి, తెల్లబారి, నోరు క్రమంగా తెరుచుకోకుండా పోతుంది. కారం తగిలితే నోరు మండుతుంది. దీనికి తోడు చెవి నొప్పి కూడా రావచ్చు. ఇది దవడ పట్టు కాదు. క్యాన్సర్‌కు దారితీయగల వ్యాధి.

ఇంటిలోనే చేయదగిన పరీక్ష ఒకటి ఉన్నది. మీ చేతి మూడు వేళ్లను ఒకదానిపై ఒకటిగా నిలువుగా పేర్చి ముందు పళ్ల నడుమ ఉంచండి. ఆరోగ్యవంతుని నోటిలో మూడు వేళ్లు పట్టాలి. రెండు వేళ్లే పడుతుంటే వెంటనే దంతవైద్యుని చూడాలి.

ఒకే వైపు తగ్గని చెవి నొప్పితో పాటు మూడు వారాలు దాటినా మానని నోటి పుండు, మింగడంలో కష్టం, గొంతు బొంగురుపోవడం, మెడలో గడ్డ ఉంటే ఆలస్యం చేయరాదు. నాలుక మొదలులో, గొంతులో పుట్టే క్యాన్సర్ కొన్నిసార్లు చెవి నొప్పిగానే తొలుత తెలుస్తుంది. మధుమేహం ఉన్నవారికి రాత్రివేళ తీవ్రమైన చెవి నొప్పి, చీము ఉంటే అది ఎముకకు పాకే ప్రమాదకరమైన సోకుడు కావచ్చు. యాభై ఏళ్లు దాటినవారికి కొత్తగా కణత నొప్పి వచ్చి, నమిలితే దవడ అలసిపోతూ, చూపు మసకబారితే అదే రోజు వైద్యుని చూడాలి. గాయం తగిలిన కొద్ది రోజులకు దవడ బిగుసుకుపోతే ధనుర్వాతం అని అనుమానించాలి. నడిచినప్పుడో మెట్లెక్కినప్పుడో దవడలో నొప్పి వచ్చి, దానితో పాటు చెమట, ఆయాసం ఉంటే అది గుండెపోటు కావచ్చు. అప్పుడు చెవిలో నూనె పోస్తూ కూర్చోక 108కి ఫోను చేయాలి.

చికిత్స చాలావరకు మన చేతిలోనే

దవడ కీలు నొప్పి అధికశాతం మందికి శస్త్రచికిత్స లేకుండానే తగ్గుతుంది. మొదటి ఔషధం విశ్రాంతి. పెదవులు కలిసి ఉన్నా పళ్లు విడిగా ఉండాలన్నది గుర్తుంచుకోవలసిన సూత్రం. తినేటప్పుడు, గుటక వేసేటప్పుడు తప్ప పై పళ్లు కింది పళ్లను తాకనవసరం లేదు. పగటిపూట గంటకొకసారి దవడ బిగించి ఉన్నామా అని చూసుకోవడం మంచి అలవాటు.

కొన్నాళ్లు మెత్తని అన్నం, పప్పు, ఇడ్లీ వంటివి తినాలి. రాగిసంగటి మన ప్రాంతపువారికి చక్కని ఆహారం, దానిని నమలవలసిన పనే లేదు. చెరకు, వేయించిన శనగలు, మురుకులు, వక్క మానాలి. ఆవులింత వచ్చినప్పుడు గడ్డం కింద చేయి ఆనించాలి. వేడి నీటిలో ముంచి పిండిన గుడ్డతో చెవి ముందు, బుగ్గ మీద 15 నిమిషాలు కాపడం పెట్టాలి. నాలుక కొనను పై పళ్ల వెనుక అంగిలికి ఆనించి, అది జారకుండా నోరు మెల్లగా తెరిచి మూయాలి. దీనిని ఐదారుసార్లు, రోజుకు రెండు మూడు పర్యాయాలు చేయవచ్చు. నొప్పి పెరిగితే ఆపివేయాలి. నొప్పి మాత్రలను వైద్యుడు చెప్పినన్ని రోజులే వాడాలి. చెవిలో నూనె మాత్రం పోయరాదు. కర్ణభేరికి చిల్లు ఉంటే అది లోపలికి దిగి హాని చేస్తుంది.

2023లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ ప్రచురించిన మార్గదర్శకాలు దీర్ఘకాలపు దవడ కీలు నొప్పికి మనసు ఒత్తిడిని తగ్గించే శిక్షణకు, నిపుణుని పర్యవేక్షణలో చేసే దవడ వ్యాయామాలకు పెద్దపీట వేశాయి. కీలులోని బిళ్లను తొలగించే శస్త్రచికిత్సకు, పళ్ల పొందికను శాశ్వతంగా మార్చే పరికరాలకు దూరంగా ఉండాలని గట్టిగా సూచించాయి. కనుక తొలి దశలోనే పళ్లు అరగదీయాలని, కీలు కోయాలని ఎవరైనా అంటే మరొక వైద్యుని అభిప్రాయం తీసుకోవడం వివేకం.

ఎవరిని చూడాలి? ఏమని చెప్పాలి?

మొదట చెవి, ముక్కు, గొంతు వైద్యుని చూడాలి. చెవిలో దోషం లేదని తేలితే, "మరి నా దవడను పరీక్షించాలా?" అని మీరే అడగండి. తరువాత దంతవైద్యుని వద్దకు పోవాలి. తాలూకా ఆసుపత్రిలో తేలకపోతే, బెంగళూరు కోట ప్రాంతంలోని ప్రభుత్వ దంతవైద్య కళాశాలలో చూపించుకోవచ్చు. మగ్గం పనివారు వినికిడి పరీక్షను కూడా చేయించుకోవడం మేలు. ఆ రంగంలో 1965లో మైసూరులో ఏర్పడిన అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ దేశంలోనే పేరు గాంచినది.

హిందూపురం, గౌరీబిదనూరు, దొడ్డబళ్ళాపురం మీదుగా రైలెక్కి బెంగళూరు ఆసుపత్రులకు పోయే మన వారికి భాష ఒక అడ్డంకి. చెవి నొప్పి అని మాత్రమే చెప్పి ఊరుకుంటే చుక్కల మందుతో తిరిగి రావలసి ఉంటుంది. కన్నడంలో చెవిని కివి అంటారు, దవడను దవడె అనే అంటారు. "అగియువాగ కివి హత్తిర నోవు" అంటే నమిలేటప్పుడు చెవి దగ్గర నొప్పి అని అర్థం. "బాయి తెరెదాగ నోవు" అంటే నోరు తెరిచినప్పుడు నొప్పి. ఈ రెండు వాక్యాలు వైద్యుని దృష్టిని చెవి నుంచి దవడ వైపు మళ్లించడానికి చాలు.

నొప్పి ఎప్పుడు మొదలైంది, ఏమి చేస్తే పెరుగుతున్నది, ఏ వైపు, ఇంతవరకు ఏయే మందులు వాడారు అన్న నాలుగు సంగతులు ఒక కాగితం మీద రాసుకొని వెళ్లండి. వక్క, పొగాకు అలవాటు ఉంటే దాచక చెప్పండి. రెండు వారాలు దాటిన చెవి నొప్పిని ఇంటి వైద్యంతో పొడిగించవద్దు. చెవి బాగున్నదన్న మాట విని ఊరట చెందండి, కాని నొప్పి ఇంకా ఉంటే అక్కడితో ఆగిపోకండి. కారణం దొరికేవరకు అడగడం రోగి హక్కు.